ఉప్పవ్వకు చెప్పిన ఆమెన్

బాపట్లలో మా ఇంటి బోరు నీళ్ళకు వేసవిలో కొద్దిగా ఉప్పు తగులుతుంది. ఆ నీళ్ళతో కాచిన టీ మొదటి గుక్కలో తియ్యగానే ఉంటుంది, గొంతు దిగాక నాలుక చివర చిన్న చిరచిర మిగులుతుంది. ఇంటికొచ్చినవాళ్ళు మొహం కొంచెం చిట్లించి, మర్యాద కోసం తాగేస్తారు. నాకు మాత్రం ఆ రుచికి నవ్వొస్తుంది. ‘ఏటిపిల్ల మళ్ళీ చెయ్యి జార్చింది’ అనుకుంటాను. ఆ ఏటిపిల్ల ఎవరో మీకు తెలియాలంటే ముందు రేపల్లెలో మాకు సండే స్కూలు చెప్పిన సుగుణమ్మ టీచరు గారు తెలియాలి.

ఆవిడ పుట్టిల్లు అంగలకుదురు. పెళ్ళయి రేపల్లె వచ్చి, వారమంతా బడిలో పాఠాలు చెప్పి, ఆదివారం ఆరాధన అయ్యాక మమ్మల్ని గుడి వరండాలో కూర్చోబెట్టుకునేవారు. చర్చిని మా పెద్దలు గుడి అనే అంటారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. సండే స్కూలు గది తాళంచెవి ఎప్పుడూ ఆవిడ కొంగు చివర ముడేసి ఉండేది. వాక్యాలు కంఠతా పట్టించడంలో ఎంత కఠినంగా ఉండేవారో కథలు చెప్పడంలో అంత ధారాళం. అది ఎనభైల కాలం. మాలో కొందరు సముద్రం ఒడ్డున ఉన్న అడవులదీవి వైపు నుంచి వచ్చి బంధువుల ఇళ్ళల్లో ఉండి చదువుకునేవాళ్ళు. పెద్దవాళ్ళు చెప్పే ఉప్పెన కబుర్లు విని విని, సముద్రం మాటెత్తితేనే బిగుసుకుపోయేవాళ్ళు. వాళ్ళ కోసమే టీచరు గారు ఒక లోకాన్ని కల్పించి, దానికి తేమదేశం అని పేరు పెట్టారు.

తేమదేశంలో నీటికి ఐదుగురు వేల్పులు. సముద్రం ఉప్పవ్వ, నడుంనొప్పి మనిషి, అటు దొర్లి ఇటు దొర్లి మూలుగుతూ ఉంటుంది, అలలంటే అవే. ఆమె కొడుకు ఆవిరయ్య, గాలికి నిలవలేని బక్కవాడు, అమ్మ దగ్గర నీళ్ళు తీసుకుని పైకి పోతాడు. ఆకాశంలో అతని భార్య మబ్బమ్మ ఎప్పుడూ నిండు చూలాలే, ఆయాసపడుతూ నడుస్తుంది. ఆమె దారిలో గట్టుమామ అడ్డంగా కూర్చుని, మోసింది చాలు దించమ్మా అని బతిమాలతాడు. అక్కడ పుట్టిన ఏటిపిల్ల ఊరూరా కబుర్లాడుతూ నాయనమ్మ దగ్గరికి పరిగెడుతుంది.

“టీచరుగారండి, ఉప్పవ్వకి అంత ఉప్పు ఎక్కడిదండి?” అని ఒకసారి అడిగాను.

“ఏటిపిల్ల తెస్తదే. దారిలో ప్రతి ఊళ్ళోనూ చిటికెడు అడుక్కుని, ఇంటికెళ్ళాక నాయనమ్మ కూరలో వేస్తది. రోజూ అట్టా వేస్తే కూర ఏమవుద్ది?”

“పాడవుద్దండి.”

“పాపం, ముద్దుల మనవరాలు కదా. ఏమీ అనలేక తింటా ఉంది.”

అడవులదీవి పిల్లలు సముద్రం గురించి నవ్వడం మొదటిసారి ఆ రోజే చూశాను. కానీ కథ ఎక్కడ ముగుస్తుందో, దేవుడి మాట ఎక్కడ మొదలవుతుందో ఆవిడ ఎన్నడూ కలిపేయలేదు. కథ అయ్యాక తప్పకుండా అడిగేవారు. “ఈ ఐదుగురిలో నీళ్ళు చేసిందెవరు?” ఎవరూ కాదండి అని అరిచేవాళ్ళం. “మరి వీళ్ళేం చేశారు?” మోశారండి. ఆ తర్వాతే ప్రార్థన. ఈ రోజుకీ నాకు సృష్టికర్త మహిమను వివరించమంటే, ఎంత చదివినా, ఆ రెండు ప్రశ్నల కంటే మంచి దారి కనిపించదు.

ఆ ఏడాది కోతపండుగకు తేమదేశాన్ని నాటకంగా వేయాలని టీచరు గారు అనుకున్నారు. కొత్త పంటలో మొదటి భాగం గుడికి తెచ్చి కృతజ్ఞత చెప్పుకునే పండుగ అది. కథ ఇది: ఒక రోజు ఉప్పవ్వకు గర్వం వచ్చి, నీళ్ళన్నీ నావేనని దాచేసుకుంటుంది. లోకం ఎండిపోతుంది. చివరికి తన తప్పు తెలుసుకుని వదులుతుంది. ఉప్పవ్వ వేషం నాది. సంగతి తెలిసి సంఘపెద్ద దానియేలు గారు వరండాకే వచ్చారు. తెల్లటి పంచె, చేతికర్ర, ఎవరి ప్రార్థనకైనా అందరికంటే ముందు పెద్దగా ఆమెన్ చెప్పే గొంతు.

“ఏంటమ్మాయ్, గుళ్ళోకి వేల్పుల్ని దింపుతున్నావంట?”

“పేరుకే వేల్పులు బాబాయిగారూ. నిజానికి కూలీలు. మోయటం తప్ప వాళ్ళకేం చేతకాదండి.”

“నీకు తెలుసు, నాకు తెలుసు. చూసేవాళ్ళకి తెలియొద్దా? నిన్నగాక మొన్న బాప్తిస్మం తీసుకున్నోళ్ళు ఉన్నారు మన సంఘంలో.” ఆయన భయం ఉత్తది కాదు. వాళ్ళలో చాలామందికి ఆయనే దగ్గరుండి వాక్యం నేర్పారు. “ఒక్కరు ఆరాధన అనుకున్నా నాటకం అక్కడే ఆపేస్తాను. ఆ తాళంచెవి నాకిచ్చి, పిల్లల్ని వేరేవాళ్ళకి ఒప్పగించు.”

“సరేనండి,” అన్నారు టీచరు గారు. కొంగు ముడి మాత్రం ఒకసారి తడిమి చూసుకున్నారు.

మర్నాడే నన్ను పాసింజరు రైల్లో తెనాలి తీసుకెళ్ళారు. నాటకాల దుస్తులు అద్దెకిచ్చే కొట్టు ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, కిరీటాలూ గదలూ ముందేశాడు.

“సముద్రుడి వేషమాండి? ఇదిగో, ముత్యాల కిరీటం. పాప తలకి గుడ్డ కూరితే సరిపోద్ది.”

“మా సముద్రానికి కిరీటం లేదు నాయనా. నడుంనొప్పి ఉంది.”

ఆయన నా వైపు జాలిగా చూసి, లోపల్నుంచి ఒక పాత నీలం తెర తెచ్చాడు. “అయితే దీన్ని కప్పెయ్యండమ్మా. కాస్త వెలిసింది. ముసలిదే అంటున్నారు కదా.” తిరుగు రైల్లో ఆ తెర కప్పుకుని, రేపల్లె దాకా మూలగడం సాధన చేశాను. ఎదురు సీటులో ఒక పెద్దావిడ అమృతాంజనం తీసి ఇచ్చింది. టీచరు గారు కిటికీ వైపు తిరిగి, భుజాలు కదిలేలా నవ్వారు.

పండుగ రోజు గుడి ఆవరణంతా పందిరి. గుమ్మడికాయలు, వరికంకులు, కాళ్ళు కట్టిన కోళ్ళు. మబ్బమ్మ కడుపుకు కట్టిన దిండు జారితే అందరూ నవ్వారు, అంతా బాగానే నడుస్తోంది. అప్పుడు ఉప్పవ్వ గర్వపు మాటలు వచ్చాయి. గంభీరంగా చెప్పాలన్నారు టీచరు గారు. నాకు తెలిసిన గంభీరమైన గొంతు ఒక్కటే, మా పాస్టరు గారు ప్రార్థన చేసే గొంతు. చేతులు చాచి, రాగం తీసి, “ఆకాశమందలి మేఘములు నావి. కొండలలోని వాగులు నావి. సమస్త జలములు నావి” అన్నాను.

“ఆమెన్,” అంది సంఘం. అందరికంటే ముందు, కళ్ళు మూసుకుని, గట్టిగా అన్నది దానియేలు గారే.

ఆయన కళ్ళు తెరిచారు. పందిట్లో కోళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వేదిక పక్కన టీచరు గారు కొంగు చివర పట్టుకుని నిలబడ్డారు. నాకు మాట అందిస్తారేమోనని చూశాను, అందించలేదు. తాళంచెవి ఇచ్చేసి ఆవిడ మమ్మల్ని వదిలి వెళ్ళిపోతారన్న సంగతి ఒక్కటే తెలుస్తోంది నాకు.

“ఆమెన్ నాకెందుకు తాతయ్యా,” అన్నాను, నా మామూలు గొంతుతో. “నేను చుక్క కూడా చెయ్యలేదు. ఎవరో ఇస్తే దాచుకున్నదాన్ని.”

ముందు ఆడవాళ్ళ వైపు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత పందిరంతా నవ్వు. దానియేలు గారు నవ్వకుండా కర్ర ఊతంతో లేచారు. నవ్వులు ఆగిపోయాయి.

“ఒక్కరు పొరబడినా ఆపుతానన్నాను,” అన్నారాయన. “పొరబడింది నేను. నన్ను దిద్దింది ఆ పిల్ల. కానివ్వండమ్మా. ఆ ముసలిది నీళ్ళు వదిలిందాకా నేను కూర్చోను.”

నిజంగానే కూర్చోలేదు. నా చేతిలోని నీళ్ళ కుండ ఆవిరయ్యకూ, అతన్నుంచి మబ్బమ్మకూ, గట్టుమామకూ చేరింది. ఏటిపిల్ల కుండ నుంచి గ్లాసులో వంచి, నేరుగా జనంలోకి వెళ్ళి ఆయనకిచ్చింది. నాటకంలో అది లేదు. ఆయన తాగి, మీసం తుడుచుకుని కూర్చున్నారు. టీచరు గారు మాట ప్రకారం తాళంచెవి ముడి విప్పబోతే, “ఉంచమ్మాయ్. వచ్చే ఏడు గట్టుమామ వేషానికి మనిషి కావాలంటే కబురు పెట్టు,” అన్నారు. తర్వాత కొన్నేళ్ళు ఆ వేషం ఆయనదే. మోకాళ్ళ నొప్పుల వల్ల కూర్చునే వేషమైతే బాగుంటుందనేవారు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ టీచరు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. “ఆ మాట నేను రాయలేదు కదే. ఎట్టా వచ్చింది నీకు?”

“అందరూ నాకే ఆమెన్ అంటుంటే భయమేసిందండి.”

“ఆ భయం ఉంచుకోవే,” అన్నారావిడ. “ఇంకేం మర్చిపోయినా ఫర్లేదు.”

తొంభైలలో నేను బాపట్ల వచ్చాక స్త్రీల కూటాల్లో వాక్యం చెప్పడం మొదలుపెట్టాను. టీచరు గారు ఒకసారి వచ్చి, వెనక చాప మీద కూర్చుని విన్నారు. ఇప్పుడు ఆవిడ ప్రభువు సన్నిధిలో ఉన్నారు. ఇన్నేళ్ళ అలవాటున్నా, నా మాట వినేవాళ్ళ మనసుకు తగిలి అందరూ ఒక్కసారిగా ఆమెన్ అన్నప్పుడు నా గొంతు తడబడుతుంది. తర్వాతి మాట కోసం ఒక క్షణం వెతుక్కుంటాను. ఎన్నో బలహీనతలు తీసివేయమని దేవుణ్ణి అడిగాను. ఆ తడబాటు గురించి మాత్రం ఎన్నడూ అడగలేదు.