లేని సంవత్సరం

ఒక మనిషి చావు నా మీద ఉంది. పోలీసులు రాలేదు. ఎవరూ నన్ను వేలెత్తి చూపలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు, ఆమె చెప్పించుకోకుండానే పోయింది. ఇన్నేళ్ళుగా మోస్తున్నాను కదా, అలవాటై ఉంటుందని మీరనుకోవచ్చు. అలవాటు కాలేదు. మీరెవరో నాకు తెలియదు, తెలియదు కాబట్టే ఈ మాత్రం రాయగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

యుద్ధం జరుగుతున్న రోజులు. రంగూను నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు పుత్తూరు స్టేషనులో దిగి, బాంబుల సంగతి చెప్పి ఏడ్చేవారు. లోకం ముగిసిపోతుందంటే నమ్మడం అప్పుడు ఎవరికీ కష్టం కాదు.

మాది కార్వేటినగరం. మా తాతలు సంస్థానానికి పంచాంగం రాసేవారు. సంస్థానం పోయింది, మద్రాసు నుంచి అచ్చు పంచాంగాలు వచ్చాయి, మా నాయన చేతిరాత పంచాంగం అడిగేవాళ్ళు లేకుండా పోయారు. నాకు ముప్పై ఏళ్ళు వచ్చేసరికి గ్రహణం ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు విడుస్తుందో గణించి చెప్పగలిగేవాణ్ణి. చెప్పమని అడిగేవాడు లేడు.

అడిగినవాడు ఒక్కడే. జ్ఞానప్రకాశం. పుత్తూరుకూ కార్వేటినగరానికీ నడుమ, రెంటికీ నాలుగేసి మైళ్ళ దూరంలో, ఊరికి అవతల విసిరేసినట్టుండే ఒక పల్లెలో నలభై కుటుంబాల క్రైస్తవులకు ఆయన బడిపంతులు, ఉపదేశి. ఒకరోజు కాగితాల కట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చి, అరుగు కింద నిలబడి విషయం చెప్పాడు. యెరూషలేమును తిరిగి కట్టమని పూర్వం ఒక రాజు ఆజ్ఞ ఇచ్చాడట. దానియేలు ప్రవక్త చూసిన దర్శనంలో రెండువేల మూడువందల దినాలున్నాయి. ఒక్కో దినం ఒక్కో సంవత్సరమని పెద్దల అర్థం. ఆజ్ఞ నుంచి అన్ని సంవత్సరాలు లెక్కపెడితే ప్రభువు వచ్చే దినం తెలుస్తుంది. యూదుల నెలలు మన నెలల మాదిరే చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి, వాళ్ళకూ అధికమాసం ఉంది. వాళ్ళ ఏడో నెల పదోనాడు మన పంచాంగంలో ఏ సంవత్సరం, ఏ తిథి అవుతుందో తేల్చి పెట్టమన్నాడు.

నాకు ఆ దేవుడి మీద నమ్మకం లేదు. కానీ ఎన్ని రోజులైంది అలాంటి లెక్క చేతికి వచ్చి! నెల రోజులు కూర్చున్నాను. వాళ్ళ సంవత్సరాలను కలి సంవత్సరాల్లోకి మార్చి, రెండువేల మూడువందలు కలిపి, అధికమాసాలు సరిచూసి తేల్చాను. ఆ ఏడే. ఆశ్వయుజ శుద్ధ దశమి. విజయదశమి నాడు.

జ్ఞానప్రకాశం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నన్ను ఆ పల్లెకు తీసుకువెళ్ళాడు. వాళ్ళ ప్రార్థన పాక ముందు నాకు కుర్చీ వేశారు. మన మతం కాని గణకుడు తనంతట తాను తేల్చిన దినం ఇది అని ఆయన చెబుతుంటే నలభై కుటుంబాలు నన్నే చూశాయి. ఆ చూపు ఎలా ఉంటుందో నాకు అంతకుముందు తెలియదు. తర్వాత వారం వారం వెళ్ళాను. వాళ్ళు పిలిచారని వెళ్ళానా? లేదు. నేనే వెళ్ళాను.

దినానికి ఇరవై ఆరు రోజులుందనగా తప్పు దొరికింది.

జ్ఞానప్రకాశం ఇచ్చిన ఒక పాత పుస్తకంలో క్రీస్తుకు పూర్వం పట్టిన చంద్రగ్రహణం సంగతి ఉంది. సరదాకి దాన్ని నా పద్ధతిలో గణించాను. ఆ పౌర్ణమికి గ్రహణం లేదు. పక్క సంవత్సరానికి వేస్తే సరిగ్గా పడింది. మధ్యాహ్నం అన్నం మానేసి వెతికాను. మా లెక్కల్లో గడిచిన సంవత్సరాలు రాస్తాం, కాబట్టి మొదట సున్నా ఉంటుంది. వాళ్ళ లెక్కలో నడుస్తున్న సంవత్సరం రాస్తారు. క్రీస్తుకు పూర్వం ఒకటి అయిపోగానే క్రీస్తు శకం ఒకటి. మధ్యలో సున్నా అనే సంవత్సరం లేదు. నేను ఆ లేని సంవత్సరాన్ని కలిపేశాను. వాళ్ళ లెక్క ప్రకారమే చూసినా ఆ దినం ఆ ఏడు కాదు, వచ్చే ఏడు.

చెప్పాలి కదా? నాలుగు మైళ్ళు నడిస్తే చాలు. చెప్పులు కూడా వేసుకున్నాను. వేసుకుని వాకిట్లో నిలబడ్డాను. ఆ కుర్చీ, ఆ చూపులు, చుట్టుపక్కల పల్లెల్లో నా పేరు చెప్పుకుంటున్న సంగతి, ఇవన్నీ గుర్తొచ్చాయి. రేపు చెబుదాం అనుకున్నాను. మరునాడు కూడా అదే అనుకున్నాను. అసలు వచ్చేవాడు రానప్పుడు ఈ ఏడైతే ఏం, వచ్చే ఏడైతే ఏం అని కూడా అనుకున్నాను. ఈ మాట మీద ఇన్నేళ్ళు ఆనుకుని నిలబడాలని చూశాను. నిలవలేదు. ఎందుకంటే యాకోబు కాలు విరిగింది.

యాకోబు బావులు తవ్వేవాడు. నలభై దాటిన మనిషి, ముగ్గురు పిల్లలు. తవ్వుతున్న బావిలో మోకు తెగి పడ్డాడు. మోకాలి కింద ఎముక చర్మం చీల్చుకుని వచ్చింది. తప్పు దొరికిన నాలుగు రోజులకు నేను పల్లెకు వెళ్ళేసరికి, అతణ్ణి పుత్తూరు కట్టు వైద్యుల దగ్గరికి తీసుకుపోవడానికి కట్టిన బండి కదలబోతోంది. బండిలో గడ్డి మీద పడుకుని ఉన్నాడు. భార్య సుగుణమ్మ అతని తల పట్టుకుని కూర్చుంది. నన్ను చూసి అతను బండి ఆపించాడు.

“సామీ, ఒక మాట అడగతాను. పుత్తూర్లో కట్టు కడితే నలభై దినాలు కదలనీరు. ఆ దినానికి నేను ఈడ మా వోళ్ళ నడుమ ఉండాల. మా వోళ్ళని అడిగితే ఆ దినం సత్యమే అంటారు. ఆశ ఉండేవోడు లెక్కని తన దిక్కుకు వంచుకుంటాడు సామీ. మీకు ఆ ఆశ లేదు. అందుకే మిమ్మల్ని అడగతా ఉండాను. దినం సరిగ్గా ఉండాదా?”

సుగుణమ్మ కూడా నా వైపు తిరిగింది. చుట్టూ అందరూ ఉన్నారు. జ్ఞానప్రకాశం ఉన్నాడు.

“సరిగ్గానే ఉండాది యాకోబూ” అన్నాను.

“ఒకటికి రెండుసార్లు సూసినారా?”

“చూసినాను.”

అతను కళ్ళు మూసుకున్నాడు. “అట్లయితే ఇరవై రెండు దినాలే గదా. ఓర్చుకుంటాను. బండి తిప్పమను సుగుణా.”

ఆమె ఒప్పుకోలేదు. ముందు కట్టు కట్టించుకో, దినం వస్తే దేవుడు నిన్ను పుత్తూర్లో ఎత్తుకోలేడా అని ఏడ్చింది. ఎంత సరైన మాట! అతను వినలేదు. దేవుడి మాటకన్నా నా మాట మీదే గురి ఎక్కువైంది ఆ మనిషికి. ఎడ్లను విప్పారు. నేను చూస్తూ నిలబడ్డాను. అప్పటికైనా నోరు తెరవచ్చు. ఆ రాత్రికైనా, వారానికైనా తెరవచ్చు. పది రోజులకు కాలు వాచి నల్లబడిందని కబురు వచ్చింది. అప్పుడూ వెళ్ళలేదు. పల్లెకు పోవడమే మానుకున్నాను.

ఆ దినాన మాత్రం వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ చెప్పలేను. ఉతికిన బట్టలు కట్టుకుని అందరూ పాక ముందు కూర్చున్నారు. యాకోబును మంచంతో సహా మోసుకొచ్చారు. కాలి మీద తడిగుడ్డ కప్పినా వాసన ఆగలేదు. ఎండలో పొద్దున్నుంచి పాటలు పాడారు. మధ్యాహ్నానికి గొంతులు పోయాయి. దూరంగా ఊళ్ళో దసరా మేళం వినిపిస్తోంది. అతను జ్వరంతో కళ్ళు తెరిచి ఆకాశం చూస్తూనే ఉన్నాడు. యూదుల లెక్కలో దినం పొద్దుగూకడంతో ముగుస్తుంది. అది నేను చెప్పిందే. పొద్దుగూకింది. ఎవరూ లేవలేదు. మొదట పిల్లలు ఆకలని ఏడ్చారు.

నాలుగో రోజు యాకోబు చనిపోయాడు.

జ్ఞానప్రకాశం ఆ పల్లె వదిలి ఎక్కడికో వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు నా సరైన లెక్క ప్రకారం రావలసిన దినం కూడా వచ్చి పోయింది. అదీ మామూలుగానే గడిచింది.

యాకోబు పోయిన పదిహేను రోజులకు సుగుణమ్మను చూడబోయాను. చెప్పేయాలనే వెళ్ళాను, ఈ మాట నమ్మండి. ఆమె గుమ్మంలో కూర్చుని చాటలో రాగులు చెరుగుతోంది. నేను నోరు తెరవకముందే, మీరు బాధపడబాకండి సామీ, మీ లెక్కలో తప్పు లేదు, తప్పు నాది అంది. ఆ దినం పొద్దున నీళ్ళ దగ్గర అత్తతో జగడమాడిందట. ఉపవాసం ఉండి నోటికొచ్చినట్టు తిట్టిందట. పల్లెలో ఒకరి మనసు శుద్ధిగా లేకపోయినా ఆయన రాడని ఉపదేశి ముందే చెప్పి ఉన్నాడు. నా నోటి మూలంగా అందరికీ దినం తప్పింది, నా మొగుడు పోయినాడు అని ఆమె నాకు చెబుతోంది. నన్ను ఓదార్చడానికి చెబుతోంది.

నేనేం చేశానో తెలుసా? తల ఊపాను. అవునని కాదు, కాదని కాదు. ఊరికే ఊపి లేచి వచ్చాను. యాకోబుతో అన్న అబద్ధం కన్నా ఆ తల ఊపడం పెద్దదని ఈ వయసులో అనిపిస్తోంది. అతను ఆ అబద్ధాన్ని ఇరవై ఆరు రోజులు మోశాడు. ఆమె బతికినంతకాలం మోసి ఉంటుంది.

కొన్నాళ్ళకు ఆమె పిల్లల్ని తీసుకుని కోలారు గనులకు కూలికి పోయిందని విన్నాను. నేను తిరుపతి వచ్చేశాను. ముహూర్తాలు పెట్టాను, జాతకాలు రాశాను. ఆయన లెక్క తప్పదని జనం అన్నారు. వద్దనలేదు. కోలారు ఎంత దూరం? ఒక్క పగటి ప్రయాణం. ఎన్ని పగళ్ళు గడిచాయి? ఇప్పుడు ఆమె ఉండే అవకాశం లేదు. పిల్లలు ఉండవచ్చు. వాళ్ళ అమ్మ నోటి వల్లే నాన్న పోయాడని వాళ్ళు అనుకుంటూ ఉండవచ్చు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో ఉన్నది కాదు. ఆ గుమ్మంలో చెప్పవలసిన మాట ఎక్కడైనా ఒకచోట చెప్పాలి, అంతే. సుగుణమ్మా, నీ జగడం వల్ల ఏదీ తప్పలేదు. లెక్క తప్పు. అది నాకు బండి తిప్పకముందే తెలుసు.