వేలికి ఏమీ అంటని ఇల్లు

ఇల్లు కొనబోయేవాళ్ళు ముందు వాకిలి ఏ దిక్కుకుందో చూస్తారు. అంజిలయ్య మాత్రం కిటికీ గట్టు మీద చూపుడువేలు రాసి, ఆ వేలిని వెలుతురులో తిప్పి చూసుకునేవాడు. తాండూరులో బండలకు పాలిష్ పట్టే మిషన్ల దగ్గర పని. సాయంత్రానికి రాతిపొడితో కనుబొమలు కూడా తెల్లబడేవి. పొద్దున తుడిచిన కిటికీ మధ్యాహ్నానికి మళ్ళీ దుమ్ము పట్టే అద్దెగదిలో భార్య హన్మమ్మ రోజంతా దగ్గేది. డాక్టరు ఊరు మారమన్నాక, వికారాబాద్‌లో గల్లీ గల్లీ తిరిగి, చివరికి అనంతగిరి వైపు వేలికి ఏమీ అంటని ఇల్లొకటి లోను మీద కొన్నాడు. అందులో దిగేలోపే వడ్డీ రేటు పెరిగి, కిస్తీ జీతాన్ని మింగేసింది. కొత్త ఇంటిని అద్దెకిచ్చి, వాళ్ళు ఆ పాత గదిలోనే ఉండిపోయారు.

అద్దె కోసం నెలనెలా రైలెక్కే అంజిలయ్య వెంట ఈసారి హన్మమ్మ కూడా వచ్చింది. అద్దెకున్న అంబిక మంచినీళ్ళిచ్చింది.

"ఇల్లు మంచిగున్నదా బిడ్డా?" అడిగాడు అంజిలయ్య.

"మస్తుగున్నది కాకా. గీడికొచ్చినంక మా చిన్నోని దగ్గు చేత్తోని తీసేసినట్టు పోయింది."

అంజిలయ్య తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. హన్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకుంది. తర్వాత లేచి, కిటికీ గట్టు మీద వేలు రాసి, ఆ వేలినే చాలాసేపు చూసుకుంది.

"రైలు టైమైంది, నడువు."

"ఇంకో రైలుకు పోదాం," అంటూ ఆమె అరుగు మీద కూర్చుంది.