మధ్యాహ్నం చల్లబడే ఇస్త్రీపెట్టె

ఫట్‌మని ఒక చప్పుడు, ఎవరో గాలిని రెండుగా మడిచినట్టు. వెంటనే ఓ పసి నవ్వు. సందు మలుపు తిరిగాక కనిపించారు. తెల్ల దుప్పటికి అటు కొస పట్టుకుని ఇస్త్రీ దుకాణం అతను, ఇటు కొస పట్టుకుని మూడేళ్ల అతని కూతురు. అతను దులిపినప్పుడల్లా దుప్పటి కడుపులోకి గాలి దూరి, పిల్ల మడమలు నేల మీంచి కాస్త లేస్తున్నాయి.

సాయంత్రం ఒక సభకు వెళ్లాలి, చొక్కా ఇద్దామని వచ్చాను. ఇస్త్రీపెట్టె చూస్తే పై అరలో, తీగ చుట్టుకుని పడుకుని ఉంది.

"ఒంటిగంట నుంచి అయిదు దాకా దానికి సెలవు సార్," అన్నాడు.

భార్యకు ఆస్పత్రిలో పగటి డ్యూటీ. పిల్ల ఒంటిగంటకు బడి నుంచి వచ్చేస్తుంది. ఆ నాలుగు గంటలూ అతను బట్టలు విడదీస్తాడు, చీటీలు కడతాడు, మడతలు పెడతాడు. వేడి పనంతా పొద్దున్నించి ఒంటిగంట లోపు, మళ్లీ అయిదింటికి భార్య వచ్చాక.

పక్క దుకాణంలో బట్టలు కుట్టే పెద్దావిడ మిషను ఆపి అందుకుంది. "మా పిల్లలు ఈ మిషను కిందే పెరిగారు. ఒక్కడికీ సూది గుచ్చుకోలేదు. నీ కూతురేమన్నా గాజుబొమ్మా?"

"గాజుబొమ్మయితే దాన్నే పై అరలో పెట్టేవాణ్ణి పిన్నీ. ఇది నిలబడి ఉండదుగా."

మొదటి నుంచీ ఇంత పట్టింపు లేదట. పోయినేడు ఒక మధ్యాహ్నం పిల్ల ఇంట్లో నిద్రపోతుంటే, బయట గొళ్లెం పెట్టి దుకాణానికి వచ్చాడు. ఇల్లు వెనక సందులోనే. ఇరవై నిమిషాల్లో అర్జెంటు బట్టలు ముగించి వెళ్లేసరికి, పిల్ల కుర్చీని కిటికీ దాకా జరుపుకుని, దానిమీద నిలబడి దారిన పోయేవాళ్లకు చెయ్యి ఊపుతోంది.

"ఏమీ కాలేదు కదా," అన్నాను.

"అదే సార్ నా భయం. ఏదైనా అయ్యుంటే బుద్ధొచ్చేది. ఏమీ కాకపోయేసరికి, మర్నాడు గొళ్లెం మీదికి చెయ్యి దానంతటదే పోయింది. సులువు మరిగింది. చటుక్కున వెనక్కి లాక్కున్నాను. ఆ రోజు నుంచే ఈ పద్ధతి."

మాటల్లోనే పిల్ల మడతల గుట్ట మీదికి ఒరిగి నిద్రపోయింది. అప్పుడే హోటల్ మేనేజరు మూటతో వచ్చాడు. ఈ దుకాణం పనిలో సగం ఆయన హోటల్ యూనిఫారాలదే.

"ఇకనుంచి రోజూ రెండింటికి ఇస్తాం, నాలుగింటికి కావాలి. ఇవాళ ఆలస్యమైంది, ఈ నాలుగు జతలన్నా కానిచ్చేయ్."

"రేపు పొద్దున ఏడింటికి మీ గుమ్మంలో ఉంటాయి సార్. రోజూ అంతే."

"పిల్ల పడుకుందిగా. ఇరవై నిమిషాల పని."

"ఇరవై నిమిషాలంటే ఎంతో నాకు తెలుసు సార్."

మేనేజరు గడియారం చూసుకున్నాడు. పై అర వైపు, పిల్ల వైపు చూశాడు. "ఊళ్లో ఇస్త్రీపెట్టెలు నీ ఒక్కడి దగ్గరే లేవు," అని మూట భుజానేసుకుని వెళ్లిపోయాడు.

"సగం దుకాణం నడిచిపోయింది, చూస్తూ కూర్చో," అంది పెద్దావిడ. గొంతులో ఎకసెక్కం లేదు.

అతను ఇంకో చొక్కా అందుకున్నాడు. నుదుటి మీద చెమట మెరిసింది. చేతులు మాత్రం ఒక్క మడతా తప్పలేదు. చొక్కా మీద చొక్కా, అంచుకు అంచు, తెల్లని మెట్లలా లేస్తున్నాయి.

"ఇంకో హోటల్ వెతుక్కుంటాను పిన్నీ," అన్నాడు చివరికి. "సాయంత్రం మా ఆవిడ వచ్చీరాగానే పిల్ల ఎట్లా ఉందని అడుగుతుంది. బాగుందని చెప్తాను. ఏడాదిగా రోజూ చెప్తున్నాను, ఒక్కరోజూ తల దించుకుని చెప్పలేదు." ఆ మాటా తల ఎత్తే అన్నాడు.

నేను చొక్కా చంకలో పెట్టుకుని బయల్దేరాను. అతను చూసి నవ్వాడు.

"ఇవాళ్టికి ముడతలతోనే వెళ్లండి సార్. సభలో ఎవరన్నా అడిగితే, సిగ్గుపడకుండా మా దుకాణం పేరే చెప్పండి."