ఎనిమిదితో ఇంకా గుణించలేదు

ఈ రోజు మెదక్‌లో మా ఇంటామెకు కంటి ఆపరేషన్. దవాఖాన వరండాలో కూర్చున్నప్పటి నుంచి "భయమైతుంది, ఇంటికి పోదాం పా" అంటూనే ఉంది. ధైర్యం చెప్పే మాటలు నాకు రావు. ఊరి బడిలో సారు చెప్పిన ఒక సంఖ్య మాత్రం గుర్తొచ్చింది. ఫోన్‌లో 142857 కొట్టి, ఆమె బాగున్న కంటి ముందు పెట్టాను. రెండుతో గుణిస్తే 285714. మూడుతో 428571.

"గవే అంకెలు కదనయ్యా! బతుకమ్మ ఆడినట్టు సుట్టు తిరుగుతున్నయ్."

నాకూ అవి కొత్త చీరలు కట్టుకుని తిరుగుతున్నట్టే కనిపించాయి. ఆరు దాకా అంతే. ఏడుతో గుణిస్తే 999999.

"అన్ని తొమ్మిదులేనా? అయితే గిది తొమ్మిదోనాటి సద్దుల బతుకమ్మే!" అని నవ్వింది.

అంతలో నర్సు పిలిచింది. ఆమె లేచి, తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది.

"ఎనిమిదితోని సెయ్యకు. నేనొచ్చినంక ఇద్దరం సూద్దాం."

ఇప్పుడు ఇంట్లో, కంటికి పట్టీతో నిద్రపోతోంది. సారు ఏడు దాకే చెప్పారు. ఫోన్ చేతిలోనే ఉంది, వేలు మాత్రం కదలడం లేదు. జవాబు తెలిసినవాళ్లు దయచేసి ఇక్కడ రాయకండి. పట్టీ రేపు తీస్తారు.