సువర్ణ ఎడమ చెంప

సువర్ణది కలకత్తా కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పని. ఆరేళ్లుగా ఆమెకు ఎడమ చెంపలో నరాల నొప్పి. గాలి తగిలినా, అన్నం నమిలినా కరెంటు షాక్ కొట్టినట్టు చెవిదాకా లాగేస్తుంది. మొదట్లో ఎవరో డాక్టరు పంటినొప్పి అనుకుని రెండు మంచి పళ్లు పీకేశాడు. నొప్పి పోలేదు సరికదా, పళ్ల డాక్టరంటేనే ఆమెకు వణుకు పట్టుకుంది. ఆ పక్క బ్రష్ ఆనించడం మానేసింది. చివరికి నిజంగానే ఓ దవడ పన్ను పుచ్చి చీము పట్టింది.

భర్త మల్లేశు బతిమాలి సాల్ట్ లేక్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ మత్తిచ్చి ఆ పన్ను తీసేయాలన్నారు. మత్తు ఇచ్చే డాక్టరు సమీరది వరంగల్.

"ఏమేం గోలీలు వేసుకుంటున్నరమ్మా?"

సువర్ణ నరాల మాత్రల చీటీ చూపించింది.

"ఇంకేమన్న ఉన్నయా?"

సువర్ణ తల దించుకుంది. నొప్పికి ఓర్చుకోలేక మందుల కొట్లో నిద్రమాత్రలు కొని రోజూ మింగుతోంది. ఆ సంగతి మల్లేశుకు కూడా తెలియదు. చివరికి చెప్పేసింది. "తిడతారేటోనని దాసినాను, డాక్టర్ దీదీ."

సమీర తిట్టలేదు. "చెప్పి మంచి పని చేసిన్రు. తెల్వక మామూలు మోతాదు ఇస్తే ఊపిరి మందగించేది. కొంచెం కొంచెంగ ఇస్త, పక్కనే ఉంట. ఏ గోలీ కూడ మీ అంతట మీరు ఆపొద్దు." తర్వాత ఇంకో మాట అడిగింది. "ముఖం మీద ఎక్కడ తాకొద్దో చూపిస్తరా?"

ఆరేళ్లలో ఎవరూ అలా అడగలేదు. అందరూ నొక్కి చూసినవాళ్లే. సువర్ణకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెంపకు వేలు ఆనించకుండా, ముక్కు పక్కనుంచి దవడదాకా గాలిలోనే గీత గీసింది. సమీర కాగితం మీద ముఖం బొమ్మ వేసి, అంతమేరా ఎర్ర పెన్నుతో నింపింది.

పన్ను తీసే గురువారం పొద్దున ఆ కాగితం కుర్చీ వెనక గోడకు అతికించి ఉంది. ఆక్సిజన్ గొట్టానికి టేపు కుడి చెంపకే వేశారు. ఏసీ గాలి ముఖానికి కొట్టకుండా తిప్పేశారు. మత్తు మెల్లగా ఎక్కుతుంటే "ఊపిరి తీస్కోండమ్మా" అంటూ సమీర గొంతు దగ్గర్లోనే వినిపిస్తూ ఉంది.

కాస్సేపటికి సువర్ణ కళ్లు తెరిచింది. "అయిపోనాదేటి?"

ఆ రోజు చెంపలో నొప్పి రెండుసార్లు మెరిసిందిగానీ, భయపడినంత లేదు. అది పూర్తిగా పోయే నొప్పి కాదని సమీర ముందే చెప్పింది. నిద్రమాత్రలు నెమ్మదిగా తగ్గించమని నరాల డాక్టరుకు చీటీ కూడా రాసిచ్చింది.

కుట్లు విప్పే రోజున సువర్ణ స్టీలు డబ్బా నిండా చేగోడీలు పట్టుకెళ్లింది.

"ఇంత కష్టమెందుకమ్మా? మీరు నమలలేరు గద!"

"నాను తిననేను తల్లీ. నువ్వు తింటంటే సూసుకుంటాను."

సమీర అక్కడే నిలబడి ఒకటి కొరికింది.