చెరువు గట్టు మీద నా టైము

మా ఆడపడుచు ఐదో చుట్టు ముగించి ఇటుకరాయి దాటగానే నేను బటన్ నొక్కి, టార్చి వెలుతురులో వాచీ చూశాను. ఇరవై మూడు నిమిషాల తొమ్మిది సెకన్లు. నాకు ఏదో ముంచుకొస్తోందని తెలిసింది సరిగ్గా అప్పుడే. అప్పటిదాకా ఆ ఇంట్లో ఇరవై మూడు నిమిషాల ఇరవై సెకన్లు నా సొంతం. నాకు సొంతమైనది అదొక్కటే అనిపించేది.

"ఎంతొచ్చిందొదినా?" మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ అడిగింది.

"ఇరవై మూడు ముప్పై నాలుగు," అన్నాను. వాచీ బటన్ మళ్ళీ నొక్కి సున్నాలు చేసేశాను.

ఆ ఇరవై మూడు ఇరవై నేను తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివే రోజుల్లో ఐదు కిలోమీటర్ల పరుగులో తెచ్చుకున్న టైము. ఆ సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలో చీరల కింద ఉంది. పెళ్ళయి కలిదిండి దగ్గరి ఈ ఊరికి వచ్చిన మొదటి చలికాలంలో, పొద్దున్నే గట్టు మీద కాసేపు పరిగెడతానని అడిగాను. అత్తయ్యగారు కోప్పడలేదు. "కోడలు గట్టెంట పరిగెడితే, ఇంట్లో గొడవయి పారిపోతోందనుకుంటారమ్మా," అని నవ్వారు. ఆ నవ్వుతోనే నా పరుగు ఆగిపోయింది. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు.

ఆరేళ్ళ తర్వాత అదే గట్టు మీద ఆవిడ కూతురు పరుగు మొదలుపెట్టింది. తను ఇంటి నుంచే బస్సులో వెళ్ళి ఏలూరులో చదువుతోంది. జనవరిలో యూనివర్సిటీ జట్టుకి సెలక్షన్లు ఉన్నాయి. రాత్రి నానబెట్టిన బాదంపప్పులు, పొద్దున్న రెండు ఉడికిన గుడ్లు, మా ఆయన ఏలూరు నుంచి కొనుక్కొచ్చిన బూట్లు, సెకన్లు చూపించే వాచీ, అన్నీ అమిరాయి. "చీకట్లో పిల్ల ఒక్కత్తీ ఎలా వెళ్తుంది, నువ్వు తోడెళ్ళమ్మా. నీకెలాగూ ఈ పరుగులవీ తెలుసు కదా," అన్నారు అత్తయ్యగారు. తెలుసు కదా అన్న మాట రోజంతా గుచ్చుకుంది.

మా చేపల చెరువు గట్టు చుట్టూ తిరిగితే సరిగ్గా కిలోమీటరు. మా ఆయన బండి మీద తిరిగి కొలిచి, మొదలుపెట్టే చోట ఇటుకరాయి పాతారు. నేను ఖాళీ మేతబస్తా మడిచి వేసుకుని, శాలువా కప్పుకుని ఆ రాయి పక్కన కూర్చునేదాన్ని. నాలుగడుగులు వెయ్యగానే ఆమె పొగమంచులో మాయమయ్యేది. బూట్ల చప్పుడు మాత్రం చెరువు చుట్టూ తిరిగి మళ్ళీ నా దగ్గరికి వచ్చేది. ఆ చప్పుడుని బట్టి ఆమె ఎక్కడ పాదం ఈడుస్తోందో చెప్పేదాన్ని. చెబుతుంటే శాలువా కింద నా కాళ్ళు వాటంతటవే కదిలేవి.

డిసెంబరు చలికి ఆమె హుషారంతా పోయింది. "ఇవాళొక్కరోజొదినా," అంటూ దుప్పటి ముఖం మీదికి లాక్కునేది. బాదంపప్పులు లేపలేదు, కొత్త బూట్లు లేపలేదు. ఒకరోజు నేనే విసుగొచ్చి, "నా టైము దాటి చూపించు, తర్వాత ఎంతసేపైనా పడుకో," అన్నాను.

దుప్పటిలోంచి తల బయటికొచ్చింది. "నీకో టైముందా? ఎంత?"

చెప్పాను. ఆ అంకెను పెన్సిలుతో తలుపు పక్క గోడ మీద రాసుకుంది. మర్నాటి నుంచి నేను పిలవకముందే లేచి కూర్చునేది. యూకేజీ చదివే మా పెద్దదానికి అదొక ఆటైపోయింది. రోజూ పాలు తాగుతూ, "అత్తకి అమ్మ టైము వచ్చిందా?" అనేది. "వచ్చిందా?" అని చిన్నవాడూ అనేవాడు. "ఇంకా రాలేదు," అనేదాన్ని.

వచ్చిన రోజు కూడా అదే చెప్పాను.

మర్నాడు ఇరవై మూడు రెండు వచ్చింది. ఇరవై మూడు నలభై అన్నాను. ఆ తర్వాత ఇరవై రెండు యాభై ఎనిమిది. ఒక్క అబద్ధంతో సరిపోతుందనుకున్నాను. కానీ ఆమె సెకన్లు తగ్గించుకుంటూ పోతుంటే నేను పెంచుకుంటూ పోవాల్సి వచ్చింది. పిల్లలు పడుకున్నాక ఇదంతా రాస్తుంటే ఇప్పుడూ సిగ్గేస్తోంది. అప్పుడు మాత్రం భయమే వేసేది. "మా కోడలూ పరిగెత్తేదంటండీ, మా అమ్మాయి దాన్ని దాటేసింది," అని అత్తయ్యగారు పదిమందికీ చెబుతున్నట్టు నా చెవుల్లో ముందే వినపడేది.

ఎనిమిది రోజులు గడిచాక ఆమె లేవలేదు. "నావల్ల కాదొదినా. తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. ఏలూరెళ్ళి నవ్వులపాలవడం ఎందుకు?" అని గోడవైపు తిరిగి పడుకుంది. సెలక్షన్లు ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. "పోన్లే, బలవంతపెట్టకు," అని అత్తయ్యగారు బూట్లు తీసి అటక మీద పెట్టేశారు. నాకు హాయిగా ఉండాలి. ఒక పూట ఉంది కూడా.

మర్నాడు అలవాటు కొద్దీ ఆ వేళకే మెలకువ వచ్చింది. వాచీ పెట్టుకుని ఒక్కదాన్నే గట్టు మీదికి వెళ్ళాను. చెప్పులు ఇటుకరాయి దగ్గర వదిలి, శాలువా మెడకి చుట్టుకుని, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, బటన్ నొక్కి పరుగు మొదలుపెట్టాను. మొదటి చుట్టు ఎలాగో అయింది. రెండో చుట్టుకి డొక్కలో పోటు వచ్చింది. మూడో చుట్టులో వెనకనుంచి, చెరువు మీద పిట్టల్ని తోలే రేకుడబ్బా మోగింది.

"ఎవడ్రా అది? ఆగు! చెరువులో మందు కలిపేసి పోతన్నాడు!"

మా చెరువు కాసే ముసలాయన గొంతది. చలికాలం తెల్లవారుజామున గాలి చాలక చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అది చూడగానే మా వైపు చెరువు కాసేవాళ్ళకి ముందొచ్చే భయం, గిట్టనివాళ్ళెవరో విషం కలిపారని. ఆ రోజు చేపలు తేలాయి, పొగమంచులో ఒక మనిషి పరిగెడుతోంది. ఆయన ఇంకేమనుకుంటాడు? ముఖం కనబడకూడదని నేను ఇంకాస్త జోరుగా పరిగెత్తాను. సగం చుట్టు తిరక్కుండానే నా శాలువా కొస ఆయన చేతిలో ఉంది.

టార్చి నా ముఖం మీద వేసి, వెంటనే కిందికి దించాడు. "కోడలమ్మగారా అండీ? మందు కలిపినోడెవడో అనుకున్నానండి."

నాకు ఊపిరి అందలేదు. ఆయనకి కనీసం రొప్పు కూడా లేదు.

"చిన్నమ్మగారైతే నాకు దొరికేవోరా అండీ? ఈ గట్టున చూశాననుకునేలోపు ఆ గట్టున ఉండేవోరు. రోజు రోజుకీ జోరెక్కువైపోయిందండి ఆవిడికి. ఎందుకు మానేశారండీ?"

గడియారం లేకుండానే ఆయనకి ఆమె జోరు తెలిసిపోయింది. అరవై దాటిన మనిషి, ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో టార్చి పట్టుకుని నన్ను అందుకున్నాడు. ఈ కాళ్ళతో నేను కాపాడుకుంటున్న టైము అది.

"నేను పరిగెట్టానని ఇంట్లో చెప్పకు తాతా," అన్నాను.

"చెప్పినా ఎవరు నమ్ముతారండీ," అన్నాడు.

ఆ రోజే ఆమెకి నిజం చెబుదామని ఇంటికి వచ్చాను. వచ్చేసరికి, పరిగెత్తని కూతురికి కూడా అత్తయ్యగారు గుడ్డు వలిచి పెడుతున్నారు. ఆ గుడ్డు చూడగానే, చెప్పకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మర్నాడు పిల్లలిద్దరూ చాప మీద కూర్చుని పాలు తాగుతున్నారు. ఆమె అదే గదిలో నిండా దుప్పటి కప్పుకుని ఉంది. పెద్దది గోడ మీద అంకె చూసి, "అమ్మా, అత్తకి నీ టైము ఇంక రాదా?" అంది.

"వచ్చింది," అన్నాను, దుప్పటికి కూడా వినబడేలా. "పది రోజుల కిందటే వచ్చింది. అత్త నాకంటే జోరుగా పరిగెత్తింది. నాకు కుళ్ళొచ్చి, రాలేదని చెప్పాను. వెళ్ళి అత్తని లేపండి. నేను అటక మీద బూట్లు తీస్తాను."