వెనుక గోడ లేని ఇంటికి సున్నం

నేను చెప్పబోయేది పద్దెనిమిది పర్వాలకు సరిపడే కథ. ఇందులో దండయాత్ర ఉంది, రాయబారం ఉంది, దర్బారు ఉంది. కామారెడ్డి ప్రజలు సర్కారు ఖజానా మీదికి ఎట్లా కదిలారో వింటే మీకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అయితే నిజం కూడా చెప్పాలి కదా. దండయాత్రలో ఉన్నది ఇద్దరమే, నేనూ మా మేనమామా. రాయబారం ఎడ్లబండి మీద నడిచింది. మొత్తం మీద నెత్తురు చిందింది ఒక్కసారే, అదీ బయల్దేరే ముందు మామ గడ్డం గీసుకుంటుంటే.

సంగతి ఇది. ఊరు ఊడ్చే సఫాయి వాళ్ళ వాడలో మట్టి ఇండ్లు నిరుటి వానలకు సగం సగం కూలాయి. ఆ వాడకు పెద్ద ఒక అవ్వ. స్టేషను బజారంతా ఊడ్చేది ఆమే. కోడలికి కడుపు, వానలు మొదలయ్యేనాటికి కాన్పు. అవ్వ మామ దగ్గరికి వచ్చి తేల్చి చెప్పింది.

"వానలు పడేలోపల ఇల్లు కాకుంటే మేం గాంధారికి పోతం పటేలా, మా తమ్ముని కాడికి. పసిగుడ్డును నీళ్ళల్ల పండవెడ్తనా?"

మామ ఊరి కమిటీలో సభ్యుడు. కమిటీ అంటే ఏదో అనుకోకండి. బండ్ల మీద, బజారు మీద పన్నులు ఊళ్ళో వసూలై జిల్లాకు పోయేవి. అక్కణ్ణించి తిరిగొచ్చేది వీధి దీపాల కిరసనాయిలుకు సరిపోయేంత. ఊరి పన్నులో ఊరికి వాటా పెంచాలి, సఫాయి వాళ్ళకు సర్కారే పక్కా ఇండ్లు కట్టించాలి అని మామ వాదన. మంచి వాదనే. చెప్పడానికే చోటు లేదు. ఆ రోజుల్లో సభ పెట్టాలంటే పైనుంచి అనుమతి కావాలి. నలుగురు కూర్చుంటే సభ అనుకుంటారేమోనని మేం నిలబడే మాట్లాడుకునేవాళ్ళం. చాయ్ హోటల్ ముందు నిలబడ్డాం, రైలు స్టేషను దగ్గర నిలబడ్డాం. కాళ్ళు గుంజినవాళ్ళు ఒక్కరొక్కరే ఉద్యమం వదిలేశారు. చివరికి మామా నేనూ మిగిలాం.

చలికాలం చివర్లో తాలూక్దారు సాబు, అంటే జిల్లాకంతా పెద్ద అధికారి, ఎల్లారెడ్డిలో డేరా వేశాడని తెలిసింది. నాకు ఉర్దూ వచ్చని మామ నన్ను బండెక్కించాడు. దారి పొడుగునా ఎడ్లకు తన ప్రసంగం వినిపించాడు.

"సర్కార్! ఊరంటే శరీరం. సఫాయివాళ్ళు దానికి చేతులు..."

ఎడమ ఎద్దు టక్కున ఆగింది.

"ఏందిరా, ఎందుకాగింది?"

"చేతుల కాడికే వచ్చినవ్ గద మామా. ఇంక కడుపు, కాళ్ళు ఉన్నయని భయపడ్డట్టుంది."

"నీ మొకం. తోలు."

డేరా ముందు పొద్దంతా నిలబడ్డాం. అందులో మాకు మంచి అనుభవం ఉంది. సాయంత్రం పిలిచారు. సాబుకు జలుబు. "ఊరంటే శరీరం" అని మామ మొదలుపెట్టగానే ఆయన రుమాలులో తుమ్మి, ఏం కావాలి అని నన్నడిగాడు. మిగతా శరీరాన్ని వదిలేసి నేను "ఇండ్లు" అన్నాను. ఎల్లుండి కామారెడ్డిలో రైలెక్కుతున్నాననీ, పోతూ పోతూ చూస్తాననీ, కంటితో చూడనిదే పైకి రాయననీ చెప్పాడు.

గెలిచామనుకున్నాం. ఆ సంబరంలో మామ చేసిన పని, ఊరంతా దండోరా వేయించడం. "తాలూక్దారు సాబ్ సఫాయి వాడకు వస్తుండు, అందరు రావాలె" అని. జనం కిక్కిరిసి ఉంటే సాబు గుండె కరుగుతుందని ఆయన లెక్క. కానీ అధికారి పేరుతో దండోరా పడితే మా దిక్కు జనానికి తెలిసింది ఒక్కటే: ఊడ్వాలి, చల్లాలి, సున్నం వేయాలి, తోరణాలు కట్టాలి. తాతల నాటి నుంచి వచ్చిన పని. దానికి ఎవరి బుర్రా అక్కరలేదు, చేతులే చేసుకుపోతాయి.

సాబు వచ్చే రోజు పొద్దున వెళ్ళి చూద్దుము కదా, వాడ మెరిసిపోతోంది. తెల్లని గోడలు, కింద ఎర్రమన్ను అంచు, మామిడాకులు, ముగ్గులు. ఎక్కడ చూసినా పెండ్లి కళే. మామ నెత్తి పట్టుకున్నాడు.

"ఏం చేసినవే అవ్వా!"

"ఏం చేసిన? దొర వస్తుండంటిరి. గలీజుగ వెడ్తమా?"

"గలీజుగనే ఉండాలె! అది చూపెట్టనీకే తోల్కస్తున్న!"

"గా ముచ్చట దండోరల చెప్పకపోతిరి. ఊరంత ఊడ్చేదాన్ని, నా వాకిలి ఊడ్వకుంటే నలుగురు నవ్వరా?"

గోడల మీద కాస్త బురద చల్లుదామా అని మామ నా చెవిలో అడిగాడు. బురద వెతికేలోపే సాబు మోటారు వచ్చి ఆగింది.

సాబు దిగి వాడంతా కలియజూశాడు. "ఇండ్లు బాగానే ఉన్నాయే! నా బంగళా ఇంత తెల్లగా లేదు" అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. మామ ముఖం ఆ గోడల రంగుకు తిరిగింది. సాబు మోటారు వైపు మళ్ళుతున్నాడు. అవ్వ మామను చూసింది, కోడలిని చూసింది, జరిగిందేమిటో ఆమెకు అప్పుడు తెలిసింది.

"లోపటికి రమ్మను కొడుకా" అంది నాతో. "వాకిట్లకెల్లి మళ్ళిపోతే మంచిగుండది."

బయటి పెద్దమనిషి ఎవరైనా ఆ వాడలో ఇంటి గడప దాటడం నేనెప్పుడూ చూడలేదు. సాబు ఏమనుకున్నాడో, టోపీ పట్టుకుని, నడుము వంచి లోపలికి వెళ్ళాడు. మేం వాకిట్లో ఎదురుచూస్తున్నాం. ఎంతకూ రాడు. చివరికి పక్క సందులోంచి, భుజానికి సున్నం అంటించుకుని నడిచి వచ్చాడు. ముందు గుమ్మంలో వెళ్ళిన మనిషి వెనక్కి తిరగకుండానే బయటపడ్డాడు. ఆ ఇంటికి వెనుక గోడ లేదు. అక్కడొక తడక, అదీ పక్కకు ఒరిగింది. ఆ ఖాళీలో ఒక బర్రె తల దూర్చి నెమరేస్తోంది.

"దీవార్ కహాఁ గయీ?" గోడ ఎక్కడికి పోయిందని అడిగాడు.

"పోయిన వానలకు పోయింది దొరా. ఉన్న గోడకు ఏసిన. లేని గోడకు సున్నం ఏడేస్త?"

ఒక్క మాట కూడా కలపకుండా ఉర్దూలోకి మార్చాను. సాబు నవ్వబోయి తుమ్మాడు. తరువాత వాడంతా తిరిగాడు, ప్రతి ఇంటికీ ముందు నుంచి పోయి వెనుక నుంచో పక్క నుంచో వచ్చాడు. మోటారెక్కుతుంటే మామకు ప్రాణం లేచొచ్చింది.

"సర్కార్! ఊరంటే శరీరం..."

"చూశానులే," అన్నాడు సాబు, "వీపు లేదు."

పన్నులో వాటా పెరగలేదు. మా వాదన సగం అక్కడే నిలబడి ఉంది. ఇండ్లకు మాత్రం సర్కారు డబ్బు మంజూరైంది. రోహిణి ఎండల్లో గోడలు లేచాయి, పైన పెంకులు పడ్డాయి. అవ్వ వాళ్ళు సామాను చేర్చుకున్న వారానికే ఒక మధ్యాహ్నం ఊరు కొట్టుకుపోయేంత వాన. మామా నేనూ గొడుగేసుకుని వాడకు పరుగెత్తాం. అవ్వ గడపలో నిలబడి మమ్మల్ని చూసి నవ్వుతోంది.

"గింత వానల ఏమొచ్చిండ్రు పటేలా? మన్మరాలు పుట్టింది. తల్లి పిల్ల పొడిగ పండిండ్రు. గాంధారికి పోయేది లేదు, ఏడికి పోయేది లేదు."

మామ కళ్ళు తుడుచుకున్నాడు. వాన నీళ్ళన్నాడు. గొడుగు కిందే ఉన్నాడు. ఆ మాట నిజం కావాలని నేను గొడుగు కాస్త పక్కకు జరిపాను.

పెంకుటిండ్లు కదా, ఏటా వానాకాలానికి ముందు ఎవరో ఒకరు పైకెక్కి పెంకులు సర్దాలి. లేకపోతే కురుస్తాయి. ఆ ఖర్చు కోసం పన్నులో వాటా అడుగుతూ మామా నేనూ ఇంకా నిలబడే ఉన్నాం.